తపాలా బిళ్ల మీద యుద్ధం: ఉక్రెయిన్ బొమ్మలు, అక్షరాలు ఏం చెబుతున్నాయి?

2022 ఏప్రిల్ 12న ఉక్రెయిన్ తపాలా సంస్థ ఉక్ర్‌పోష్టా ఒక స్టాంపు విడుదల చేసింది. పసుపు రంగు తీరం మీద ఒక సైనికుడు వీపు మనవైపు పెట్టి నిలబడి ఉంటాడు. ఒక చేతిలో తుపాకీ. ఇంకో చేత్తో ఎదురుగా సముద్రంలో ఉన్న బూడిద రంగు యుద్ధనౌకకు మధ్యవేలు చూపిస్తుంటాడు. గీసింది బొరిస్ గ్రోఖ్ అనే చిత్రకారుడు, ఎంపిక చేసింది ఆన్‌లైన్ ఓటింగ్‌లో జనం. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన మొదటి రోజున, అంటే ఫిబ్రవరి 24న, నల్లసముద్రంలోని పాముల దీవి దగ్గరికొచ్చి లొంగిపొమ్మన్న రష్యన్ నౌకకు అక్కడి కాపలా సైనికుడొకరు రేడియోలో బూతుమాటతో జవాబు చెప్పారు కదా, ఆ సంఘటనే ఈ బొమ్మ. స్టాంపు వచ్చిన మర్నాడే, అప్పుడు లొంగిపొమ్మన్న ఆ నౌక, అంటే రష్యా నల్లసముద్ర నౌకాదళానికి ప్రధాన నౌక అయిన మొస్క్వా మీద ఉక్రెయిన్ క్షిపణులు పడ్డాయి, ఆ తర్వాతి రోజు అది మునిగిపోయింది. ఇక చూడాలి, కీవ్ ప్రధాన పోస్టాఫీసు ముందు స్టాంపు కోసం బారులు తీరిన క్యూలు.

అప్పటినుంచి ఉక్రెయిన్ పోస్టర్లు, స్టాంపులు, మీమ్‌లు, గోడబొమ్మలు మన ఫోన్లలోకి కూడా వస్తూనే ఉన్నాయి. చూసినవాళ్లకు ఒక సందేహం తప్పకుండా వస్తుంది: ఇది కళా, ప్రభుత్వ ప్రచారమా, లేక దుఃఖంలో ఉన్నవాళ్లు గుండె దిటవు చేసుకునే మార్గమా? ఈ మూడింటిలో ఒకటి పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తే విషయం అర్థం కాదని నా అభిప్రాయం. వీటన్నిటి వెనకా ఇంకా పాత పని ఒకటుంది. మేమొక వేరే జనం, మాకొక వేరే భాష, వేరే రాజ్యం ఉన్నాయని కంటికి కనిపించేలా చెయ్యడం. అది వందేళ్ల కిందటే మొదలైంది.

## ముందు మాటలు తేల్చుకుందాం

గ్రాఫిక్ డిజైన్ అంటే అక్షరాలు, రంగులు, గుర్తులు, బొమ్మలు కలిపి ఒక సంగతిని చూడగానే అర్థమయ్యేలా అమర్చడం. స్టాంపు, కరెన్సీ నోటు, పోస్టర్, లోగో, పుస్తకం అట్ట, సైనికుడి భుజానికి కుట్టే బ్యాడ్జి, అన్నీ దీనికిందికే వస్తాయి. ఇలస్ట్రేషన్ అంటే ఒక కథకో వార్తకో మాటకో తోడుగా గీసే బొమ్మ. టైపోగ్రఫీ అంటే అక్షరాల రూపకల్పన.

ప్రచారం అనే మాట దగ్గరే చిక్కు. జనం ఒక పక్షం వైపు మొగ్గేలా కావాలని తయారుచేసినదాన్ని ప్రచారం అంటాం, అందులో అబద్ధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రక్తదానం చెయ్యమనే పోస్టరు కూడా ఆ లెక్కన ప్రచారమే. కాబట్టి ఒక బొమ్మ ప్రచారమా కాదా అని అడగడం కన్నా, దాన్ని ఎవరు చేయించారు, అందులో చెప్పినది నిజమేనా, చూసినవాడిని ఆలోచించనిస్తోందా లేదా అని అడిగితే ఎక్కువ తేలుతుంది.

## 1918: నాణేల కొరతలో పుట్టిన స్టాంపులు

రష్యన్ సామ్రాజ్యం కూలిపోతున్న రోజుల్లో, 1917లో, హెయోర్హీ నార్బుత్ అనే చిత్రకారుడు సామ్రాజ్య రాజధాని పెట్రోగ్రాడ్ వదిలేసి కీవ్ వచ్చాడు. అప్పటికే పుస్తక చిత్రకారుడిగా పేరున్న మనిషి. కొత్తగా ఏర్పడిన ఉక్రెయిన్ ప్రజా గణతంత్రానికి అప్పుడు సైన్యం అంతంతమాత్రం, ఖజానా అంతంతమాత్రం, సరిహద్దులు ఎక్కడో కూడా ఎవరికీ తెలియదు. నోట్లు మాత్రం కావాలి, నోట్లు లేకపోతే జీతాలివ్వలేరు. నార్బుత్ గీసిన 100 కార్బోవానెట్స్ నోటు ఆ రాజ్యపు మొదటి నోటు. దాని మీద త్రిశూలం ఉంది. పదో శతాబ్దం చివర్లో కీవ్‌ను ఏలిన వొలోదిమిర్ రాజు నాణేల మీది గుర్తు అది, ఈనాటి ఉక్రెయిన్ రాజచిహ్నం కూడా అదే. నోటు మీద ఉక్రేనియన్‌తో పాటు రష్యన్, పోలిష్ భాషల్లోనూ, అక్కడి యూదులు మాట్లాడే యిడ్డిష్‌లోనూ విలువ రాసి ఉంటుంది. ఆ దేశంలో ఎవరెవరు ఉంటారో ఒక కాగితం ముక్క మీదే చెప్పేశారన్నమాట.

1918లో చిల్లర కరువొచ్చింది. అప్పుడు చేసిన పని నాకు చాలా ఇష్టం. స్టాంపులనే మందపాటి కాగితం మీద అచ్చేసి, వెనకవైపు త్రిశూలం ముద్రించి, 'మోగే నాణెంతో సమానంగా చెల్లుతుంది' అని రాసి చిల్లరగా చెలామణిలోకి వదిలారు. వాటిలో 30, 40, 50 షాహ్‌ల (అప్పటి చిల్లర లెక్క) బొమ్మలు నార్బుత్‌వే. కూరగాయలు కొనడానికి వెళ్లిన మనిషి చేతిలోకి, ఏ ఉపన్యాసమూ వినకుండానే, ఒక కొత్త దేశం వచ్చి పడింది.

ఆ దేశం నిలబడలేదు. ఆ మూడేళ్లలో కీవ్ పదిసార్లకు పైగా చేతులు మారింది. నార్బుత్ 1920లో చనిపోయాడు, అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. ఆయనతో కలిసి 1917లో ఉక్రెయిన్ కళా అకాడెమీ పెట్టినవాళ్లలో ఒకరైన మిఖైలో బోయ్‌చుక్‌ను స్తాలిన్ పాలనలో 1937 జూలైలో కాల్చి చంపారు. చెక్కమీద బొమ్మలు చెక్కి అచ్చువేయడంలో ఎంతోమందికి గురువైన ఆయన భార్య సోఫియా నాలెపిన్స్కాను అదే ఏడాది డిసెంబరులో చంపారు. డిజైన్ చరిత్ర గురించి మాట్లాడుతూ ఈ మరణాల ప్రస్తావన ఎందుకంటే, ఇప్పటి ఉక్రెయిన్ డిజైనర్లకు 'మాకొక సంప్రదాయం ఉంది' అని చెప్పుకోవడం తేలిక కాదు. అది మధ్యలో తెగిపోయింది, తెంచింది మనుషులు. అందుకే ఇప్పుడు నార్బుత్ తరహా అక్షరాలు పుస్తకాల అట్టల మీద, లోగోల్లో మళ్లీ కనబడుతుంటే అది పాత ఫ్యాషన్ తిరిగిరావడం అని వదిలేయడానికి వీల్లేదు.

## ఒకే లిపిలా కనిపించే రెండు లిపులు

బయటివాళ్లకు తెలుగు, కన్నడ లిపులు ఒకటే అనిపిస్తాయి, మనకు మాత్రం ఒక్క తలకట్టు చూస్తే చాలు తేడా తెలిసిపోతుంది. రష్యన్, ఉక్రేనియన్ లిపుల సంగతీ అంతే. రెండూ సిరిలిక్ లిపే, కానీ ఉక్రేనియన్‌లో ఉండి రష్యన్‌లో లేని అక్షరాలు నాలుగున్నాయి. వాటిలో కఠినమైన 'గ' ధ్వనిని చెప్పే అక్షరాన్ని 1933లో సోవియట్ ప్రభుత్వం వర్ణమాల నుంచే తీసేసింది. 1990లో గానీ అది తిరిగి రాలేదు. అంతకుముందు జార్ కాలంలో 1863లో కొంత, 1876లో దాదాపు పూర్తిగా, ఉక్రేనియన్‌లో పుస్తకాలు అచ్చేయడాన్నే నిషేధించారు. ఇంత జరిగిన చోట అక్షరం ఆకారం ఎంచుకోవడం కూడా రాజకీయమే అవుతుంది, డిజైనర్ కోరుకున్నా కోరుకోకపోయినా.

ఇప్పుడు ఒక అక్షరాన్ని దగ్గరగా చూద్దాం. ఒక నిలువు గీత, దాని నెత్తిన పక్కపక్కనే రెండు చుక్కలు. పలికితే 'యి'. రష్యన్‌లో ఇది లేదు. రష్యా ఆక్రమణలో ఉన్న మరియుపోల్ లాంటి ఊళ్లలో రాత్రిపూట గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఈ అక్షరం ప్రత్యక్షమవుతుంది. గీయడానికి మూడు సెకన్లు చాలు, స్ప్రే డబ్బా లేకపోతే సుద్దముక్క చాలు. పట్టుబడితే మాత్రం జైలు, అంతకన్నా ఘోరమైనదే కావొచ్చు. ఖేర్సన్‌లో 2022 ఏప్రిల్‌లో మొదలైన 'పసుపు రిబ్బన్' ఉద్యమం చెట్లకు, తలుపులకు పసుపు రంగు గుడ్డముక్కలు కట్టడంతో పాటు ఈ అక్షరాన్నీ వాడుకుంది. మెలితోపోల్ ఆడవాళ్లు మొదలుపెట్టిన 'జ్లా మావ్‌కా' బృందం జానపద కథల్లోని అడవి కన్యను కోపంగా ఉన్న పిల్లగా గీసి, ఆ బొమ్మలున్న పోస్టర్లు రహస్యంగా అంటించింది. ఈ పనులు చేసేవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, తెలియకూడదు కూడా.

ఎదుటి పక్షానికీ ఒక అక్షరం ఉంది, రష్యన్ ట్యాంకుల మీద తెల్లరంగుతో రాసిన లాటిన్ 'జడ్'. విచిత్రమేమిటంటే అది రష్యన్ వర్ణమాలలోనే లేదు. మొదట్లో అది తమ వాహనాలను తాము గుర్తుపట్టడానికి పెట్టుకున్న గుర్తు, కొద్ది రోజుల్లోనే రష్యాలో టీషర్టుల మీదికి, బస్టాపుల మీదికి ఎక్కింది. కొన్ని దేశాలు దాన్ని బహిరంగంగా ప్రదర్శించడాన్ని నిషేధించాయి.

అక్షరాల గురించి చెప్పి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2022 మార్చిలో మరియుపోల్ నాటకశాలలో వందలమంది తలదాచుకున్నారు. భవనానికి ముందూ వెనకా నేల మీద, ఆకాశం నుంచి కనిపించేంత పెద్ద తెల్లని అక్షరాలతో 'పిల్లలు' అని రాశారు. పైలట్లకు అర్థం కావాలని రష్యన్‌లోనే రాశారు. మార్చి 16న ఆ భవనం మీద బాంబు వేశారు. ఉపగ్రహ చిత్రాల్లో ఆ రెండు రాతలూ ఇప్పటికీ చదవొచ్చు.

## పల్లె బొమ్మలు, ఖార్కివ్ పోస్టర్లు

ఇప్పటి చిత్రకారులు తీసుకుంటున్న ముడిసరుకు ముఖ్యంగా రెండు చోట్ల నుంచి వస్తోంది. మొదటిది పల్లె. మారియా ప్రిమాచెంకో (1909–1997) కీవ్‌కు ఉత్తరంగా ఉన్న బొలోత్న్యా అనే ఊళ్లో బతికింది. ఆవిడ గీసిన జంతువులు ఏ అడవిలోనూ ఉండవు: ఒంటినిండా పూలు, మనిషి కళ్లు, నవ్వో ఏడుపో తెలియని నోరు. 2022 ఫిబ్రవరి చివర్లో ఇవాన్కివ్ మ్యూజియం తగలబడితే ఊరివాళ్లే లోపలికి దూరి ఆవిడ బొమ్మల్ని బయటికి తెచ్చారు. ఆవిడ గీసిన శాంతి పావురం ఆ తర్వాత ఎన్నో దేశాల్లో నిరసన ప్రదర్శనల్లో కనిపించింది. అదే ఏడాది మే నెలలో, చెర్నోబిల్ అణు కేంద్రంలో పేలిపోయిన నాలుగో బ్లాక్ చుట్టూ పూలు పూసినట్టు ఆవిడ వేసిన చిత్రం సైన్యం కోసం జరిపిన వేలంలో 5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2013లో యునెస్కో జాబితాకెక్కిన పెత్రికివ్‌కా పూల చిత్రకళ కూడా ఈ కోవలోదే.

రెండోది నగరం, ముఖ్యంగా ఖార్కివ్. మన ఎంబీబీఎస్ పిల్లల వల్ల తెలుగు ఇళ్లకు ఈ ఊరి పేరు బాగా తెలుసు, 2022లో బంకర్లలోంచి ఫోన్లు చేసింది ఇక్కడినుంచి కూడా. డిజైన్ లోకానికి ఇది ఇంకో కారణంగా తెలుసు. 1920లలో వసీల్ యెర్మీలోవ్ లాంటివాళ్లు గీతలు, వృత్తాలు, రెండు మూడు రంగులతో పోస్టరుకు కొత్త రూపం ఇచ్చింది ఇక్కడే. 1986లో చెర్నోబిల్ శుభ్రపరిచే పనికి వెళ్లి అక్కడి మనుషుల్ని గీసుకొచ్చిన ఒలేహ్ వెక్లెంకో, 1991లో ఇదే ఊళ్లో 'నాలుగో బ్లాక్' అనే అంతర్జాతీయ పోస్టర్ ప్రదర్శన మొదలుపెట్టాడు. మూడేళ్లకోసారి జరిగే ఆ ప్రదర్శన ఖార్కివ్‌లో పోస్టరు చదువుకునే కుర్రకారుకు బడిలాంటిది. మాటలు తక్కువ, ఒకే ఒక్క గుర్తు, దానిలో మెలిక. ఇదే ఊరి చిత్రకారుడు మికీతా తీతోవ్ యుద్ధంలో వేస్తున్న పోస్టర్లు కూడా చాలావరకు అలాగే రెండు రంగుల్లో, ఒక్క ఆలోచనతో ఉంటాయి. రాత్రి క్షిపణి పడితే పొద్దునకల్లా బొమ్మ తయారు కావాలి, అలంకారాలకు టైమెక్కడిది?

రష్యా సరిహద్దు అక్కడికి 40 కిలోమీటర్లు కూడా ఉండదు. దేశంలో పుస్తకాల అచ్చుపనిలో పెద్ద భాగం ఆ ఊళ్లోనే జరుగుతుంది. 2024 మే 23న అక్కడి ఫాక్టర్ ద్రుక్ ప్రెస్ మీద క్షిపణులు పడి ఏడుగురు పనివాళ్లు చనిపోయారు, దాదాపు 50,000 పుస్తకాలు కాలిపోయాయి.

## బొమ్మ డ్రోన్‌గా మారే దారి

ఈ బొమ్మల్లో చాలావాటికి ఒక డబ్బు లెక్కల కోణం కూడా ఉంది, దాన్ని దాటవేస్తే సగమే చెప్పినట్టు. ఉక్రెయిన్‌లో మోనోబ్యాంక్ అనే యాప్‌లో ఎవరైనా విరాళాల ఖాతా తెరవొచ్చు, దాన్ని అక్కడ 'సీసా' అంటారు, తెర మీద గాజుసీసా నిండుతున్నట్టు కనబడుతుంది. ఒక ఉదాహరణ ఊహించుకోండి: ముందు వరుసలో ఉన్న ఒక దళానికి పాత జీపు కావాలి. వాళ్లలో ఒకరి స్నేహితురాలు చిత్రకారిణి. ఆమె ఒక బొమ్మ వేస్తుంది, మూలన క్యూఆర్ కోడ్ పెడుతుంది. ఫలానా మొత్తం పైన వేసినవాళ్లలో కొందరికి లాటరీలో ప్రింటు ఇస్తానంటుంది. సీసా నిండగానే జీపు ఫొటో, రసీదులు అదే పేజీలో పెడతారు. బొమ్మ బాగుందా లేదా అన్న ప్రశ్నతో పాటు నమ్మకం అనే ప్రశ్న కూడా వచ్చి చేరుతుంది, ఎందుకంటే ఆ గీతను చూసి డబ్బు వేసేవాళ్లు ఆ గీసిన మనిషి మాటను నమ్మి వేస్తున్నారు.

సైనికుల భుజాల మీద కుట్టుకునే బ్యాడ్జీలు ఇంకో పెద్ద రంగం. పిల్లులు, దయ్యాలు, పాతకాలపు కోసాక్కు యోధులు, బూతు జోకులు, అన్నీ వాటి మీద ఉంటాయి. వాటిని గీసేది చాలాసార్లు మామూలు రోజుల్లో కాఫీ షాపులకు లోగోలు చేసుకున్న డిజైనర్లే.

ప్రభుత్వం చేయించినవీ ఉన్నాయి. బాండా అనే కీవ్ ఏజెన్సీ 2022 వసంతంలో 'ఉక్రెయిన్‌లా ధైర్యంగా ఉండండి' అనే నినాదంతో నీలం, పసుపు హోర్డింగులు తయారుచేస్తే అవి ఎన్నో దేశాల నగరాల్లో వెలిశాయి. 2023 ఫిబ్రవరిలో జాతీయ బ్యాంకు ప్రత్యేకంగా ఒక 20 హ్రివ్నియాల నోటు తెచ్చింది. ముందువైపు జెండా ఎత్తుతున్న ముగ్గురు సైనికులు. వెనకవైపు వీపు వెనక్కి విరిచి కట్టేసిన రెండు చేతులు. చెలామణి నోటులాంటి ఆకారంలో, ఇంత నిర్దాక్షిణ్యమైన బొమ్మ వెయ్యడానికి ఒక బ్యాంకు ఒప్పుకుందంటే ఆ దేశం ఏ స్థితిలో ఉందో అర్థమవుతుంది.

## వాళ్లలో వాళ్లకే ఉన్న గొడవలు

బయటినుంచి చూస్తే దేశమంతా ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ అది నిజం కాదు.

మేరీమాత చేతిలో ట్యాంకుల్ని పేల్చే జావెలిన్ క్షిపణి పెట్టిన బొమ్మ ఒకటి 2022 మొదట్లో ప్రపంచమంతా తిరిగింది. దానితో టీషర్టులు, స్టిక్కర్లు అమ్మి కెనడాలో ఉన్న ఒక జర్నలిస్టు బాధితుల కోసం చాలా డబ్బు పోగుచేశాడు. అదే బొమ్మను మే నెలలో కీవ్‌లో ఒక భవనం మీద పెద్దగా గీస్తే చర్చిలు అభ్యంతరం చెప్పాయి, తల వెనక కాంతివలయం మీద రంగు పూసేశారు. పవిత్రమైనదాన్ని ఆయుధంతో కలపకూడదన్నది ఒక వాదన. మాతృభూమిని కాపాడేది తల్లి అయినప్పుడు ఆ చేతిలో ఆయుధమే ఉంటుందన్నది ఇంకో వాదన. రెండూ ఉక్రెయిన్ లోపలి వాదనలే.

ఆడవాళ్ల బొమ్మల మీదా ఇలాంటిదే జరిగింది. 2024లో ఒక పేరున్న బ్రిగేడ్ సైన్యంలో చేరమంటూ పాతకాలపు క్యాలెండర్ సుందరుల్లాంటి అమ్మాయిలు సైనికుల్ని వాటేసుకున్న హోర్డింగులు పెట్టింది. కుర్రాళ్లను ఆకర్షించాలంటే తప్పదని కొందరన్నారు. అదే సైన్యంలో వేలమంది ఆడవాళ్లు తుపాకీ పట్టుకుని ఉండగా వాళ్లను అలంకారంగా చూపిస్తారా అని ఇంకొందరు మండిపడ్డారు. నాకైతే రెండోవాళ్ల మాటే సబబనిపిస్తుంది.

నిజానికీ బొమ్మకీ మధ్య దూరం ఇంకో సమస్య. పాముల దీవి సైనికులంతా చనిపోయారని ముందు ప్రకటించారు, తర్వాత బందీలుగా బతికే ఉన్నారని తేలింది. ఒక్కడే శత్రువిమానాల్ని కూల్చేస్తున్నాడంటూ 'కీవ్ దయ్యం' అనే పైలట్ బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి, ఏప్రిల్ చివర్లో అది కల్పిత వీరగాథ అని ఉక్రెయిన్ వైమానిక దళమే చెప్పింది. యుద్ధం మొదటి వారాల్లో జనానికి ఊపిరి కావాలి, అలాంటి కథ పుట్టడం సహజమే అని సమర్థించేవాళ్లున్నారు. ఒక్క కల్పన బయటపడితే రేపు పౌరుల ఊచకోత జరిగిన బూచా గురించి చెప్పే నిజాన్ని కూడా అనుమానించే అవకాశం శత్రువుకిచ్చినట్టే అని భయపడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. స్టాంపు మాత్రం ఈ పరీక్షకు నిలబడుతుంది, అది చెప్పింది ఆ జవాబు గురించే, ఆ జవాబు నిజంగానే రేడియోలో వినిపించింది.

ఇక బ్యాంక్సీ. ఈ బ్రిటిష్ గోడచిత్రకారుడు 2022 నవంబరులో కీవ్ దగ్గరి బొరోద్యాంకా ఊరి శిథిలాల మీద, జూడోలో ఒక పెద్దమనిషిని ఎత్తి పడేస్తున్న చిన్నపిల్లాడిని గీశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 24న అది స్టాంపుగా వచ్చింది. హోస్తోమెల్‌లో ఆయన వేసిన ఇంకో బొమ్మను కొందరు గోడతో సహా కోసి ఎత్తుకెళ్లబోయి దొరికిపోయారు. ప్రపంచం ఉక్రెయిన్ వైపు చూడటానికి ఒక విదేశీయుడి పేరు ఉపయోగపడింది, అది మంచిదే. కానీ అదే గోడల మధ్య బతుకుతూ గీస్తున్నవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

## ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఇక్కడే విషయం మరీ చిక్కుపడుతుంది. పోస్టరు కళ చరిత్ర పుస్తకాల్లో 1910, 20ల నాటి పని మొత్తానికీ 'రష్యన్ అవాంగార్డ్' (పాత పద్ధతుల్ని కాదన్న కొత్త పోకడల కళ) అనే ఒక్క పేరు పెట్టారు. మనం మాత్రం తక్కువా, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన రంగురంగుల సోవియట్ పిల్లల పుస్తకాలన్నిటినీ 'రష్యన్ పుస్తకాలు' అనే అన్నాం, అవి ఏ జాతి కథలైనా సరే.

2022 తర్వాత మ్యూజియాలు బొమ్మల పక్కన పెట్టే వివరాల చీటీలు మార్చడం మొదలుపెట్టాయి. లండన్ నేషనల్ గ్యాలరీ ఫ్రెంచి చిత్రకారుడు దేగా గీసిన 'రష్యన్ నర్తకీమణుల'ను 'ఉక్రేనియన్ నర్తకీమణులు'గా మార్చింది, వాళ్ల జడల్లో ఉన్న నీలం, పసుపు రిబ్బన్లు అంతకుముందు కూడా అక్కడే ఉన్నాయి. 2022 నవంబరు 15న, కీవ్ మీద క్షిపణుల వాన కురిసిన రోజునే, ఉక్రెయిన్ ఆధునిక చిత్రాల్ని లారీల్లో మాడ్రిడ్ ప్రదర్శనకు తరలించారు.

అలాగని ప్రతి చీటీనీ మార్చేస్తే సరిపోతుందా? చిత్రకారుడు మలేవిచ్ పుట్టింది కీవ్‌లో, పోలిష్ కుటుంబంలో, పేరు తెచ్చుకుంది రష్యాలో. ఇంకో చిత్రకారుడు ఎల్ లిసిట్‌స్కీ యూదుడు, పుట్టింది స్మోలెన్స్క్ ప్రాంతంలో, 1919లో కీవ్‌లోని కుల్తుర్ లిగా అనే యూదుల సాంస్కృతిక సంస్థ కోసం యిడ్డిష్ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాడు, ఆ తర్వాత విటెబ్స్క్‌కు వెళ్లి, బోల్షెవిక్కుల శత్రువైన తెల్లసైన్యాన్ని గుచ్చే ఎర్ర త్రికోణం పోస్టరు చేశాడు. వీళ్లను ఒక్క దేశానికి రాసివ్వడం కుదరదని కొందరు చరిత్రకారులు అంటారు, 'రష్యన్ సామ్రాజ్యంలో పుట్టిన' అని కలిపి రాయాలంటారు. ఇన్నాళ్లూ ఒక్క దేశానికే రాసిచ్చినప్పుడు ఎవరికీ ఈ అభ్యంతరం రాలేదేం అని ఉక్రెయిన్ వాళ్లు అడుగుతారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2023లో చిత్రకారులు రేపిన్, కుయింజీల పేర్ల పక్కన చీటీ మార్చింది. మిగతా చాలా మ్యూజియాల్లో ఈ వాదన ఇంకా ఒక్కో పేరు దగ్గరా విడిగా నడుస్తోంది.